ముక్కు వెనక కాస్త మిగిలింది

జనవరి 18

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం కూరగాయల జీపులో కొండ దిగి, పోస్టులో ఊళ్ళన్నీ తిరిగి, నిన్నటికి నా చేతికి చేరింది. సొరంగంలో పైనుంచి నీళ్ళు కారుతున్నాయని రాశావు. తడి బట్టలతో భోజనానికి కూర్చోకు. నలభై దాటినవాడికి చెప్పాల్సిన మాట కాదు గానీ, చెప్పకపోతే నాకు తోచదు.

ఇక్కడ లాండ్రీ బాగానే నడుస్తోంది. హోటలు దుప్పట్లు మళ్ళీ మనకే వస్తున్నాయి. ఉతికే పెద్ద మిషను బేరింగు అరిగిపోయి, తిరుగుతున్నంతసేపూ లారీ గేరు మార్చినట్టు అరుస్తోంది. దానికి తోడు ఆవిరి ఇస్త్రీ బుసలు. మేమంతా మాట్లాడుకోవడం మానేసి అరుచుకోవడం మొదలుపెట్టాం. మన ఇస్త్రీ తాత ఇంటికి వెళ్ళాక కూడా అలాగే అరుస్తున్నాడట. వాళ్ళావిడ గుమ్మం బయటే నిలబెట్టి, గొంతు తగ్గించుకుని లోపలికి రమ్మంటోందట.

ఇక నీ కూతురి సంగతి. ముందే చెబుతున్నా, కంగారు పడకు. ఉడత మళ్ళీ నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

నువ్వు సెలవు పెట్టి వచ్చి ఆపరేషను చేయించి వెళ్ళాక, కొన్ని నెలలు ఎంత హాయిగా గడిచాయో రాశాను కదా. ముక్కు వెనక పెరిగిన ఆ అడినాయిడ్లు తీసేశాక దాని నిద్రలో చప్పుడే లేకుండా పోయింది. అలవాటు తప్పి, అసలు ఊపిరి ఆడుతోందో లేదో అని నేనే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. చలి మొదలయ్యాక ఒకసారి జలుబు చేసింది. జలుబు పోయింది, గురక మాత్రం వచ్చి కూర్చుంది. మొదట పిల్లి గుర్రుమన్నట్టు ఉండేది. ఇప్పుడు పక్క గదిలోకి వినిపిస్తోంది. పొద్దున లేచేసరికి పెదవులు ఎండి పగిలిపోయి ఉంటున్నాయి. మాట కూడా ముక్కు పట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది. "మేనత్త" అనమంటే "బేదత్త" అంటోంది. నవ్వొస్తుంది, వెంటనే భయం వేస్తుంది.

తీసేసినది మళ్ళీ ఎలా వస్తుందిరా? నేనే చల్లటిదేమైనా పెట్టానా అని ఆలోచిస్తూ కూర్చుంటున్నాను.

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే అది రెండు సార్లు "ఊ" కొట్టి ఫోను నా చేతిలో పెట్టి పోయింది. మనసులో పెట్టుకోకు. ఏడేళ్ళ పిల్ల, ఆట మీద ధ్యాస. తల్లి లేని పిల్ల అని నేను మరీ గారాబం చేస్తున్నానేమో కూడా.

నీ ఒళ్ళు జాగ్రత్త.

అక్క

*

ఫిబ్రవరి 2

అక్కకి,

నీ ఉత్తరం క్యాంపు గుమాస్తా సొరంగం నోటి దగ్గరికే తెచ్చి ఇచ్చాడు. నేను అప్పుడే లోపల కొలతలు ముగించుకుని బయటికి వస్తున్నాను. హెల్మెట్ దీపం ఆర్పకుండా అక్కడే నిలబడి చదివాను. కంగారు పడకు అని మొదలుపెడితే ఎవడైనా కంగారు పడతాడు, ఈసారి ఆ మాట చివర రాయి.

తీసేసినది మళ్ళీ ఎలా వస్తుందని అడిగావు. అది నన్ను అడగాల్సిన ప్రశ్న కాదు. ఇదే కవరులో ఇంకో చిన్న కవరు పెట్టాను, డాక్టరుగారికి. వెళ్ళినప్పుడు ఆవిడ చేతికే ఇవ్వు.

ఆపరేషను రోజు పొద్దున నేను ఉడత చిటికెన వేలు పట్టుకుని మాట ఇచ్చాను. ఒక్కసారే, మళ్ళీ ఈ గదిలోకి రానక్కర్లేదు అని. నా మాట నమ్మి, ఏడవకుండా ఆ చక్రాల మంచం ఎక్కింది. అదే నా కళ్ళల్లో తిరుగుతోంది.

ఇంకో మాట అడగాలి. ఇక్కడ క్యాంపు ఆఫీసులో ఫోను ఒక్కటే. ఆదివారం స్నానాలు చేసి, తల దువ్వుకుని మరీ వరసలో నిలబడతాం, ఫోనులో మొహం కనబడుతుందన్నట్టు. నా వంతు వచ్చేలోపు అడగాల్సినవన్నీ మనసులో పేర్చుకుంటాను. "బడిలో ఏం చెప్పారు ఉడతా" అంటే "ఊ". "ఏం తిన్నావు" అంటే "ఊ". తర్వాత నీ గొంతు. పోయినసారి సెలవులో నా భుజం దిగని పిల్ల అక్కా అది. నా మీద కోపమా? వదిలేసి వచ్చానని అలకా? లేకపోతే దాని ముందు నువ్వు నా గురించి ఏమైనా అన్నావా? ఊరికే అన్న మాటలు కూడా పిల్లలు పట్టేసుకుంటారు.

జవాబు త్వరగా రాయి.

తమ్ముడు

*

ఫిబ్రవరి 14

తమ్ముడికి,

ముందు నీ ప్రశ్నకి జవాబు. నేనేమీ అనలేదు. "మీ నాన్న కొండ లోపల దారి వేస్తున్నాడు" అని మాత్రం అంటాను. ఆ మాట కూడా తప్పయితే చెప్పు, మానేస్తాను.

డాక్టరుగారు వచ్చే నెల మొదటి వారంలో రమ్మన్నారు. నీ కవరు నా సంచిలో భద్రంగా ఉంది. ఆవిడకి కృతజ్ఞతలు రాసి ఉంటావు, మంచి పని. ఆ రోజు హడావిడిలో మనం ఒక్క మంచి మాట కూడా చెప్పకుండా వచ్చేశాం.

బడిలో టీచరమ్మ పిలిపించింది. ఉడత పాఠం వినడం లేదట, పిలిస్తే పలకడం లేదట, ఏం రాయమన్నా పక్కపిల్ల పుస్తకంలోకి తొంగి చూస్తోందట. నలుగురిలో తల వంచుకుని నిలబడాల్సి వచ్చింది. ఇంటికి వచ్చాక బాగా కోప్పడ్డాను. అది నా మొహంలోకే చూస్తూ నిలబడింది. నేను ఆపాక, "అత్తా, ఏడుస్తున్నావా?" అంది. ఇంక ఏం కోప్పడను?

ఉంటాను. దుప్పట్లు ఆరేయాలి.

ఇట్లు,
ఏమీ అనని నీ అక్క

*

ఫిబ్రవరి 23

అక్కా,

నీ జవాబు ఇంకా అందలేదు. ఆగలేక రాస్తున్నాను.

నిన్న ఫోనులో లైను బాగానే ఉంది. నా తర్వాతివాడు నా వీపులో పొడుస్తున్నా పట్టించుకోకుండా నెమ్మదిగా అడిగాను. "ఉడతా, నేను వేసవిలో రానా?" అని. "వద్దు" అంది. తప్పు విన్నానేమో అని మళ్ళీ అడిగాను. "వద్దు నాన్నా" అంది. ఎంత మర్యాదగా అందో. కోపంగా అన్నా బాగుండేది.

నేను దాన్ని విసిగించదలచుకోలేదు. ఇక ఆదివారాలు ఫోన్ చేయను. నువ్వు కూడా దాన్ని నాతో మాట్లాడమని బలవంతపెట్టకు. నీకు ఏదైనా అవసరమైతే ఉత్తరం రాయి.

ఇక్కడ అందరం క్షేమం.

తమ్ముడు

*

మార్చి 9

తమ్ముడూ,

ఇది తీరిగ్గా కూర్చుని చదువు. సొరంగం నోటి దగ్గర నిలబడి కాదు.

మొన్న డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. గదిలో అడుగు పెట్టగానే నీ కవరు అందించి, "మా తమ్ముడు మీకు కృతజ్ఞతలు రాశాడండీ" అన్నాను, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చదివింది. మడిచి బల్ల మీద పెట్టి, "మీరు ఇది చదివారా?" అంది. లేదన్నాను. "మంచి పని చేశారు" అంది. అప్పుడు అనుమానం వచ్చి చేయి చాపాను.

"పని చేతకాకపోతే కత్తి కింద పెట్టండి" అని రాస్తావా. నాకు అక్కడ కూర్చోవడానికి మొహం చెల్లలేదు. లేచి పోదామంటే పిల్ల అప్పటికే ఆ తిరిగే కుర్చీ ఎక్కి గిరగిరా తిరుగుతోంది.

ఆవిడ మాత్రం కోప్పడలేదు. "తండ్రి కదమ్మా. నేను చెప్పేది ఆయనకి ఉన్నదున్నట్టు రాయండి" అని కాగితం మీద ముక్కు, గొంతు, చెవి గీసింది. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

"టాన్సిల్‌కి చుట్టూ తొడుగు ఉంటుంది. కాయలోంచి బఠాణీ గింజ వచ్చినట్టు ఒలిచి తీయొచ్చు. అడినాయిడ్‌కి తొడుగు లేదు. ముక్కు వెనక గోడకి నాచు పట్టినట్టు పట్టి ఉంటుంది, గీకి తీయాలి. పైగా అది నేరుగా కంటికి కనబడే చోటు కాదు. దాని పక్కనే చెవికి గాలి అందించే గొట్టం నోరు ఉంటుంది. అక్కడ గట్టిగా గీకితే ఆ నోరు పాడైపోతుంది. అందుకని అక్కడ చేయి వెనక్కి తీస్తాం. ఎక్కడో కాస్త మిగులుతుంది. చాలామంది పిల్లల్లో ఆ కాస్త ఏమీ చేయదు, వాళ్ళు పెరిగేకొద్దీ అదే ముడుచుకుపోతుంది. కొందరిలో మళ్ళీ పెరుగుతుంది. మీ పాప ఆ కొందరిలో పడింది. ఆ రోజే మీ ఇద్దరికీ ఈ మాట చెప్పాను. ఆపరేషను రోజు చెప్పినవి ఎవరికీ గుర్తుండవు."

నిజమేరా. ఆ రోజు నాకు గుర్తున్నదల్లా నువ్వు చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకుని ఉండటం.

తర్వాత సన్నటి గొట్టం ఒకటి ముక్కులో పెట్టి లోపలంతా టీవీలో చూపించింది. మన ఉడత ఏడుస్తుందనుకుంటే, నోరు తెరుచుకుని తన ముక్కు తనే చూసుకుంది. గులాబీ రంగు ముద్ద, చెవి గొట్టం నోటిని సగం మూసేసి. అంత చిన్న ముద్ద ఇంత గోల చేస్తుందా అనిపించింది.

అప్పుడు ఆవిడ, "పిలిస్తే పలుకుతుందా?" అని అడిగింది. పలుకుతుందన్నాను. ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, మామూలు గొంతుతో, "పాపా, నీ చెప్పు ఊడిపోయింది చూడు" అంది.

ఉడత కదల్లేదు.

రుమాలు తీసి మళ్ళీ అదే మాట అంది. వెంటనే వంగి కాళ్ళకేసి చూసుకుంది.

అప్పుడు అర్థమైంది తమ్ముడూ. అది మన మాటలు వినడం లేదు. మన పెదాలు చూస్తోంది. తర్వాత చిన్న గదిలో చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశారు. రెండు చెవుల్లోనూ పొర వెనక జిగురులాంటి నీరు చేరిందట. గొట్టం నోరు మూసుకుపోతే గాలి ఆడక అలా అవుతుందట. పోయే జబ్బే, భయం లేదు అంది.

ఇంట్లో ఉన్నదాన్ని, నాకెలా తెలియలేదని నువ్వు అడగకముందే చెబుతున్నా. దుకాణంలో మేమంతా అరుచుకుంటాం కదా, ఆ అరుపులు దానికి అందుతాయి. ఇంట్లో నా మొహం చూస్తుంది. మొహం కనబడనిది బడిలో, టీచరమ్మ బోర్డు వైపు తిరిగినప్పుడు. ఇంకోటి ఫోనులో.

ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను. "నాన్న ఫోనులో ఏమంటాడు?"

"తెలీదు. నాన్న నీళ్ళ బకెట్లోంచి మాట్లాడతాడు. ఊ అంటే ఊరుకుంటాడు."

"మరి నాన్న వేసవిలో రానా అంటే వద్దన్నావట?"

"ఏమైనా పంపనా అన్నాడనుకున్నా. పంపనా అంటే వద్దనాలని నువ్వేగా చెప్పావు."

చెప్పింది నేనే. నువ్వు ఊరికే డబ్బు తగలేస్తావని.

ఆ తర్వాత అది అడిగిన మాట రాయకుండా ఉండలేను. "నాన్న ఇప్పుడు ఫోన్ చేయట్లేదు కదా అత్తా, నేను ఊ సరిగ్గా అనలేదా?" అంది. ఆదివారం దుకాణం మూసి ఉన్నా తాళం తీయించుకుని, ఫోను పక్కన స్టూలు మీద కూర్చుంటోంది. గంట మోగినా వినిపించదని కాబోలు, ఫోను మీద చేయి వేసి కూర్చుంటుంది.

ప్రస్తుతానికి ముక్కులో కొట్టే మందు ఇచ్చారు. కొన్ని వారాలు చూస్తారట. తగ్గకపోతే మళ్ళీ ఆపరేషనే.

నీమీద కోపం లేదు. కొంచెం ఉంది. అది వచ్చాక తీర్చుకుంటాను.

అక్క

*

మార్చి 22

అక్కా,

నీ ఉత్తరం మంచం మీద కూర్చునే చదివాను. చదివాక చాలాసేపు లేవలేదు. నాతో గదిలో ఉండే వెల్డరు ఎవరైనా పోయారా అని అడిగాడు. ఎవరూ పోలేదు, నా కూతురు నాకు దొరికింది అన్నాను. వాడికి అర్థం కాలేదు, అయినా టీ తెచ్చి ఇచ్చాడు.

డాక్టరుగారికి క్షమాపణ రాసి పంపుతున్నాను. ఈసారి కవరు అతికించలేదు, నువ్వు చదివి ఇవ్వు. ఇక్కడ రాయి పేల్చిన ప్రతిసారీ అంచుల్లో కాస్త నిలిచిపోతుంది. మందు ఎక్కువ పెడితే పక్క గోడ కూలుతుందని తెలిసే తక్కువ పెడతాం. ఆ నిలిచిన రాయిని రోజూ కొలిచి రాసేవాణ్ణి నేనే. నా పిల్ల విషయానికి వచ్చేసరికి అదేదీ బుర్రకెక్కలేదు.

నిన్ను అడగరాని మాట అడిగాను. దానికి క్షమాపణ కాగితం మీద రాస్తే చాలదు, వచ్చాక నువ్వు తీర్చుకునేదేదో తీర్చుకో.

ఆదివారం నుంచి మళ్ళీ ఫోన్ చేస్తాను. ఉడతకి చెప్పు, నాన్న ఏమీ అడగడు. అది ఊ అంటే నేను ఊ అంటాను. దానికి వినిపించకపోయినా నాకు వినిపిస్తుంది కదా. చెప్పాల్సిన మాటలన్నీ పెద్ద అక్షరాలతో రాసి విడిగా పంపుతాను, చదువుకుంటుంది.

ఒక్కటే నా మనసులో ముల్లులా ఉంది. మళ్ళీ ఆపరేషను అంటే దానికి నేనిచ్చిన మాట ఏం కావాలి?

తమ్ముడు

*

ఏప్రిల్ 27

తమ్ముడూ,

మీ ఆదివారపు ముచ్చట చూడటానికి ఇస్త్రీ తాత సెలవు రోజు కూడా దుకాణానికి వస్తున్నాడు. అది ఊ అనడం, ఆగడం, మళ్ళీ ఊ అనడం. "తండ్రీకూతుళ్ళు ఏదో పెద్ద ఆస్తి పంపకాలు తేల్చుకుంటున్నారమ్మా" అంటాడు. ఫోను పెట్టేశాక ఉడత మొహం చూడాలి, గంటసేపు కబుర్లు చెప్పినంత తృప్తి.

టీచరమ్మకి సంగతి చెప్పాను. పాపం ఆవిడ కూడా బాధపడింది. పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టి, పాఠం చెప్పేటప్పుడు దాని వైపు తిరిగి చెబుతోంది.

మందు వల్ల ముక్కు కొంచెం తేలికపడింది. చెవుల్లో నీరు మాత్రం అలాగే ఉంది. డాక్టరుగారు ఇక ఆగొద్దన్నారు. మే 10న ఆపరేషను. మిగిలినది తీసి, చెవి పొరల్లో చిన్న చిన్న గొట్టాలు పెడతారట. కొన్నాళ్ళకి అవే ఊడిపోతాయట.

నేను ఈ సంగతి ఇస్త్రీ తాతకి చెబుతుంటే ఉడత నా పెదాలు చూసేసింది. మరుక్షణం మాయం. దుకాణమంతా వెతికాం. చివరికి హోటలు దుప్పట్లు తోసుకెళ్ళే బండి అడుగున దొరికింది, మాసిన దుప్పట్ల కింద ముడుచుకుని. నేను వంగి చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుంది. కళ్ళు మూసుకుంటే నా మాట దానికి చేరదు కదా, అది కనిపెట్టింది గడుగ్గాయి. ఎంతసేపు బతిమాలినా తెరవలేదు. చివరికి తనే అంది, "నాన్న ఒక్కసారే అన్నాడు. నాన్న వచ్చి చెబితే వస్తా."

ఇంక నేను రాసేదేముంది. రా.

అక్క

*

మే 5

అక్కా,

సెలవు దొరికింది, దారి దొరకలేదు. మూడు రోజులుగా ఒకటే వాన. నిన్న సంచి భుజాన వేసుకుని జీపెక్కాను. మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. కొండ చరియ మొత్తం జారి కింద ఏట్లో పడింది. ఫోను తీగలు కూడా దాంతోపాటే పోయాయి. కాలినడకన దాటబోతే ఇంజనీరు నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. "మీ అమ్మాయికి చెవులు వచ్చేసరికి నాన్న ఉండాలా వద్దా?" అన్నాడు. కూర్చుండిపోయాను.

పోస్టు సంచి మాత్రం తాడు మీద అవతలికి దాటిస్తున్నారు. ఇది దాంట్లో వేస్తున్నాను. ఆ రోజుకి అందుతుందో లేదో తెలియదు. కింద రాసింది ఉడతకి. అందితే చదవనివ్వు.

ఉడతా, నాన్న రాలేకపోయాడు. దారి విరిగిపోయింది. నీకు ఒక్కసారే అని చెప్పాను. నాకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను. నువ్వు భయపడకూడదని అలా చెప్పాను, అబద్ధం చెప్పాలని కాదు. ఇప్పుడు నాకు తెలిసినవి రెండే. నిద్రలోంచి లేచేసరికి అత్త నీ పక్కన ఉంటుంది. దారి బాగుపడిన రోజు నేను బయలుదేరతాను. కోపం ఉంటే ఉంచుకో, నేను వచ్చాక చూపించు.

నాన్న

*

మే 14

తమ్ముడూ,

అయిపోయింది. పిల్ల బాగుంది. మిగతాదంతా నెమ్మదిగా చదువు.

నీ ఉత్తరం ఆపరేషను రోజుకి అందలేదు. నువ్వు ఎందుకు రాలేదో మాకు తెలియదు. ముందు రోజంతా వీధి చివరికి వెళ్ళి బస్సుల్లోంచి దిగేవాళ్ళని చూసింది. నేను లోలోపల నిన్ను తిట్టుకుంటూ, పైకి మాత్రం వాన కదా, వాన కదా అంటూ వచ్చాను.

పొద్దున ఆసుపత్రిలో మంచం ఎక్కనంది. ఏడవలేదు, అరవలేదు. నా కొంగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. నర్సు బొమ్మ చూపించింది, అటు చూడనే లేదు. అప్పుడు డాక్టరుగారు వచ్చి, నేల మీద, దాని ఎదురుగా చతికిలబడ్డారు. ఆకుపచ్చ గుడ్డ మొహం మీద నుంచి కిందికి లాగి, పెదాలు కనబడేలా మాట్లాడారు.

ఉడతే ముందు అడిగింది. "ఈసారి మిగలకుండా తీస్తావా?"

"పోయినసారి వేలితో తడుముకున్నట్టు తీశాను. ఈసారి ఆ గొట్టం కెమెరాతో చూస్తూ తీస్తాను. నాకు కనబడినదంతా తీస్తాను."

"మళ్ళీ రాదు కదా?"

నేను ఆవిడ వైపు చూస్తూ కళ్ళతో బతిమాలుతున్నాను, రాదని చెప్పండీ అని. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. "రాకపోవచ్చు. కానీ రాదని ఒట్టు వేయలేను" అంది.

"మా నాన్న వేశాడు."

"మీ నాన్నకి నువ్వంటే ప్రాణం, అందుకని వేశాడు. నాకు ఈ ముక్కుల సంగతి తెలుసు, అందుకని వేయను."

ఉడత ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. ఇంక వద్దంటుందని నేను సిద్ధపడిపోయాను. అది నా కొంగు వదిలేసి, ఆవిడ చేయి పట్టుకుంది. మంచం మీద కాదు, నడిచి వెళ్ళింది. తలుపు దగ్గర వెనక్కి తిరిగి, "అత్తా, నువ్వు ఇక్కడే ఉండు, బస్టాండుకి పోకు" అంది.

నేను కదల్లేదు.

లేచాక గొంతు నొప్పి అని కొంచెం ఏడ్చింది. మధ్యాహ్నానికి ఏడుపు మానేసి ఇటూ అటూ చూడటం మొదలుపెట్టింది. నర్సు పక్క గదిలో కాగితం చింపితే తల తిప్పింది. పంపులోంచి చుక్క పడితే తల తిప్పింది. నేను ముక్కు చీదితే ఉలిక్కిపడింది. డాక్టరుగారు దాని వెనక నిలబడి, మామూలుగా కూడా కాదు, గుసగుసగా, "ఉడతా" అన్నారు. అది వెనక్కి తిరిగి, "నా పేరు నీకెవరు చెప్పారు?" అంది. ఆవిడ నవ్వబోయి గోడ వైపు తిరిగింది. ఆవిడ కూడా మనిషే కదా.

మిగిలిన ముద్ద అంతా చెవి గొట్టాల దగ్గరే ఉందట. శుభ్రంగా తీశామన్నారు. అయినా ఆరు నెలలకొకసారి తెచ్చి చూపించమన్నారు.

నిన్న దుకాణానికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి రెండు చేతులతో చెవులు మూసుకుంది. "అత్తా, ఎందుకందరూ అరుచుకుంటున్నారు? దెబ్బలాటా?" అని అడిగింది. అంతే, ఇస్త్రీ తాత ఆవిరి కట్టేశాడు. పెద్ద మిషను ఆపించాడు. మెకానిక్కుని పిలిచి బేరింగు మార్చేదాకా ఒక్క దుప్పటి కూడా ఉతకడానికి వీల్లేదని నన్నే శాసించాడు, అదీ గుసగుసగా. వాళ్ళావిడ చూస్తే హారతి పట్టేది.

నీ ఉత్తరం అప్పుడే వచ్చింది. నేను చదవబోతే లాక్కుని తనే కూడబలుక్కుని చదువుకుంది. రెండు సార్లు చదివింది. "నాన్నకి తెలీదు పాపం" అని మడిచి తన బడి సంచిలో పెట్టుకుంది. నీ మీద కోపం ఉందా అని అడిగాను. "దారి విరిగిపోతే కోపమెందుకు?" అంది. నిన్ను తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డది నేను.

ఫోను బాగయ్యాక చేయి. ఇప్పుడు ఏమైనా అడగొచ్చు.

అక్క

*

మే 31

అక్కకి,

నిన్న ఫోనులో నువ్వు పక్కనే ఉన్నావు గనుక ఉడత మాటలన్నీ విన్నావు. ఇవతలి సగం నీకు తెలియదు. అందుకని రాస్తున్నాను.

తీగలు కట్టి ఫోను పలికించేసరికి సాయంత్రమైంది. దాదాపు నాలుగు వారాలుగా ఇళ్ళతో మాటల్లేనివాళ్ళం, వరస ఆఫీసు మెట్లు దిగి వంటపాక దాకా వెళ్ళింది. నా సంగతి వెల్డరు అందరికీ చెప్పి పెట్టాడు. నన్ను తోసుకుంటూ ముందుకి పంపేశారు.

నేను "ఉడతా" అన్నాను. మళ్ళీ ఊ అంటుందేమోనని పాత భయం వేసింది. అది అంది, "నాన్నా, నీ గొంతు ఇలా ఉంటుందా?"

"ఎలా ఉంది?"

"గరగరా ఉంది. బాగుంది. ఇంకా మాట్లాడు."

ఇన్నాళ్ళూ పేర్చుకున్న ప్రశ్నలన్నీ ఎటు పోయాయో. అదే అందుకుంది. మిషను కొత్త బేరింగు చప్పుడు ఎలా ఉంటుందో నోటితో చేసి చూపించింది. నువ్వు నిద్రలో గురక పెడతావని చెప్పింది, అది నాకు చెప్పొద్దని నువ్వు పక్కనుంచి అనడం కూడా వినిపించింది. ఇక్కడ వాన పడుతోందా అని అడిగింది. రేకుల మీద వాన చప్పుడు దానికి వినిపిస్తోందట. ఫోను కాసేపు కిటికీ బయట పెట్టి పట్టుకున్నాను. నా వెనక అంతమంది ఉన్నారు, ఒక్కడు కూడా త్వరగా కానీ అనలేదు.

నేను ఏడుస్తున్నానని దానికి తెలియకూడదని చొక్కా చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాను. "బాగా తింటున్నావా" అని అడిగాను, అదొక్కటే దొరికింది.

అది చప్పున ఆగిపోయింది. "నాన్నా, మళ్ళీ అను."

"బాగా తింటున్నావా?"

"నీ ముక్కు మూసుకుపోయింది. నాకు తెలుసు, నేనూ అలాగే మాట్లాడేదాన్ని. నీక్కూడా వెనకాల కాస్త మిగిలిపోయిందేమో. డాక్టరమ్మకి చూపించుకుందాం రా."

వస్తానన్నాను.

"భయపడకు. ఆవిడ ఒట్టు వేయదు గానీ మంచిది. నేను చేయి పట్టుకుంటా."

సరేనన్నాను అక్కా. ఎల్లుండి రోడ్డు తెరుస్తున్నారు. మొదటి జీపుకే బయలుదేరుతున్నాను.

తమ్ముడు